ఆవు డొక్క ఉబ్బితే: నూనె, గొట్టం, ట్రోకార్, ఆపరేషన్ – ఏది ఎప్పుడు?

మా కళ్యాణదుర్గం చుట్టుపక్కల సెప్టెంబరు వానలు పడి పచ్చిమేత లేచిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, ఆవు డొక్క డోలు మాదిరి అయింది. ఒకాయన నూనె పొయ్యమంటాడు, ఒకాయన సోడా అంటాడు, ఇంకొకాయన పొడిపించెయ్ అంటాడు. ఏం చెయ్యమంటావు?" నేను పశువైద్యుణ్ణి కాను. పదిహేనేళ్లుగా ఆవులు మేపుతున్నవాణ్ణి, ఉబ్బరం వచ్చిన ఆవుల్లో రెండింటిని పోగొట్టుకున్నవాణ్ణి. మొదటిది ఉబ్బరంతోనే పోయింది. రెండోది నేను చేసిన వైద్యంతో పోయింది. దాని సంగతి నూనె దగ్గర చెప్తాను.

అడిగేవాళ్లందరూ "వీటిలో మంచిది ఏది?" అనే అడుగుతారు. ఈ నాలుగూ నాలుగు వేరు వేరు పనులు చేస్తాయి. నూనె నురగను విరుస్తుంది. గొట్టం గాలిని బయటికి తీస్తుంది. ఊపిరి ఆగిపోయే ఆవును డాక్టరు ట్రోకార్‌తో, అంటే డొక్కలో పొడిచి గాలి దించే పరికరంతో, నిలబెడతాడు. లోపల పేరుకుపోయినదాన్ని తియ్యాలంటే ఆపరేషనే దారి. అందుకే ముందు ఆవు ఏ స్థితిలో ఉందో చూడాలి, ఆ తర్వాతే సీసా పట్టుకోవాలా ఫోన్ పట్టుకోవాలా అన్నది.

పొట్టలో జరిగేది

బోటీ కడిగినవాళ్లకు ఈ పొట్ట కొత్త కాదు. ఒక ముక్క తువాలులా నూగునూగుగా ఉంటుంది, ఒకటి తేనెపట్టులా గదులు గదులుగా, ఇంకొకటి పుస్తకంలో పేజీల్లా. అవి మూడు అరలు. మన పొట్టలాగా ఆమ్లం ఊరే అసలు కడుపు నాలుగోది. తువాలులా ఉండేదే రూమెన్, మనం పెద్దపొట్ట అంటాం. పెద్ద ఆవులో అది వంద లీటర్లకు పైగా పడుతుంది, దాదాపు ఎడమ పక్కంతా అదే ఉంటుంది. ఉబ్బరం ముందు ఎడమ డొక్కలో కనిపించేది అందుకే.

ఆ పెద్దపొట్టలో కోట్ల సూక్ష్మజీవులు మేతను పులియబెడుతుంటాయి. గంటకు 30 నుంచి 50 లీటర్ల గాలి పుడుతుంది. ఆవు నెమరు వేస్తూ తేన్పులతో దాన్ని బయటికి వదులుతుంది. ఆ తేన్పు ఆగిపోతే వచ్చేదే ఉబ్బరం. అది రెండు రకాలుగా ఆగుతుంది. ఎంపిక మొత్తం ఈ తేడా మీదే నడుస్తుంది.

ఒకటి నురగ ఉబ్బరం. లూసర్న్, లేత అలసంద, పచ్చి చెనిక్కాయ కట్టె లాంటి పప్పుజాతి మేత ఆకలి మీద దండిగా తిన్నా, మరీ మెత్తగా పట్టించిన దాణా ఎక్కువైనా గాలి చిన్న చిన్న బుడగలై మేతలోనే చిక్కుకుంటుంది. సబ్బు నురగ ఊహించుకోండి. గాలి ఉంది, కానీ పైకి రాదు.

రెండోది ఉత్త గాలి ఉబ్బరం. గాలి పైన విడిగానే ఉంటుంది, దారి మూసుకుపోయి ఉంటుంది. మన దగ్గర చీనీ (బత్తాయి) తోటల్లో రాలిన కాయ మింగేసి గొంతుకు అడ్డం పడటం, మామిడి టెంక ఇరుక్కోవడం ఇలాంటివే. ఈనిన తర్వాత కాల్షియం తగ్గి పక్కకు పడిపోయిన ఆవుకూ, పొట్టలో ప్లాస్టిక్ పేరుకున్న ఆవుకూ వచ్చేది ఎక్కువగా ఇదే.

దేన్ని బట్టి ఎంచుకోవాలి?

అన్నిటికంటే ముందు ఊపిరి చూడండి. నాలుక బయటపెట్టి, మెడ చాచి, నోటితో గాలి పీలుస్తోందంటే మీ చేతిలో ఉన్నవి నిమిషాలే. నురగ ఉబ్బరం మొదలైన మూడు నాలుగు గంటల్లో ఆవు పోవచ్చు, ఒక్కోసారి గంటలోనే పోవచ్చు. అలాంటప్పుడు నూనె పోసి చూద్దాం అనుకోవడం ఆవును వదులుకోవడమే.

తర్వాత ఎన్నిటికి వచ్చింది, ఏం తిన్నాయి అన్నది. ఒకే మడిలో మేసిన మూడు నాలుగు ఆవులకు ఒకేసారి వస్తే నురగే అనుకోండి. మిగతావి బాగుండి ఒక్కదానికే వస్తే గొంతులో అడ్డమో, లోపలి జబ్బో ఉండొచ్చు.

మూడోది చేత్తో చూడాలి. ఎడమ డొక్క మీద వేళ్లతో కొడితే డోలు మోగినట్టు ఉందా, లేక పిడికిలితో నొక్కితే పిండి ముద్దలా గుంట పడుతోందా, నీళ్ల కుండలా కదులుతోందా? డోలు మోగితే ఉబ్బరం. పిండిలా, నీళ్లలా ఉంటే ధాన్యం ఎక్కువ తిని పొట్ట పులిసిపోయి ఉండొచ్చు. దాని వైద్యం పూర్తిగా వేరు.

ఇది మొదటిసారా, నెలలో మూడోసారా అన్నది కూడా ముఖ్యం. మళ్లీ మళ్లీ వస్తుంటే ఎన్నిసార్లు గాలి తీసినా మూలం లోపలే ఉంటుంది.

డాక్టరు ఎంత దూరంలో ఉన్నాడన్నది చివరిది. పల్లెల్లో తొందరపడి తప్పు చేసేది దీని దగ్గరే.

| | నూనె తాపడం | పొట్ట గొట్టం | ట్రోకార్‌తో పొడవడం | ఆపరేషన్ |
|---|---|---|---|---|
| ఏ ఉబ్బరానికి | నురగకు | ఉత్త గాలికి, నురగో కాదో తేల్చడానికి | ప్రాణం మీదికి వచ్చినప్పుడు, ముఖ్యంగా ఉత్త గాలికి | ప్లాస్టిక్, తీగ, గడ్డకట్టిన మేత, వదలని నురగ |
| ఎవరు చెయ్యాలి | ఇంట్లోవాళ్లు, జాగ్రత్తగా | డాక్టరు, తర్ఫీదు ఉన్న సహాయకుడు | డాక్టరు | డాక్టరు మాత్రమే |
| ఎంతసేపట్లో గుణం | కొంత సమయం పడుతుంది | గాలైతే అప్పటికప్పుడు | అప్పటికప్పుడు | కోలుకోవడానికి రోజులు |
| ముఖ్యమైన ముప్పు | ఊపిరితిత్తుల్లోకి పోవడం | తప్పు దారిలో పోవడం | పొట్ట లోపలి పొరకు చీము పట్టడం | కుట్లు, ఇన్‌ఫెక్షన్, ఖర్చు |

నూనె: ఇంట్లో ఉంటుంది, సగం సార్లు తప్పుగా పోస్తాం

అనంతపురం వాళ్లకు దీంట్లో అదృష్టం ఉంది. నురగ విరవడానికి మన చెనిక్కాయ నూనె బాగా పనికొస్తుంది. పెద్ద ఆవుకో ఎనుముకో 250 నుంచి 500 మిల్లీలీటర్లు, గొర్రెకో మేకకో 50 నుంచి 100. నూనె బుడగల మీది పొరను బలహీనం చేస్తుంది, చిన్న బుడగలు కలిసి పెద్దవై పగులుతాయి, గాలి తేన్పుగా వస్తుంది. మందుల షాపులో దొరికే సిమెథికోన్ కలిసిన ఉబ్బరం మందులు చేసేదీ ఇదే పని. చేతిలో మందు ఉంటే మందు, లేకపోతే నూనె. మందు కోసం పట్నం పోయి రావడానికి రెండు గంటలు పట్టేట్టయితే ఇంట్లో నూనెతో మొదలుపెట్టండి.

కిరోసిన్ మాత్రం వద్దు. ఇంకా కొన్ని ఊళ్లలో పోస్తూనే ఉన్నారు. టర్పెంటైన్ నూనెను వంట నూనెలో కొద్దిగా కలిపి ఇవ్వడం పాత పద్ధతి, కానీ పాలకు వాసన పడుతుంది. పాలు అమ్ముకునేవాళ్లు దాని జోలికి పోకపోతేనే నయం.

ఇక నా తప్పు. ఆ రాత్రి ఆవు తలను దూలానికి కట్టి పైకి లాగాను. మా తమ్ముడు నాలుక బయటికి లాగి పట్టుకున్నాడు. నేను వెదురు గొట్టంతో అర లీటరు నూనె గబగబా వొంపేశాను. ఆవు దగ్గింది. దగ్గితే గొంతు సాఫు అవుతోందనుకున్నాను. తెల్లారేసరికి డొక్క తగ్గింది, నాకంటే మొనగాడు లేడనుకున్నాను. మూడో రోజు జ్వరం, ముక్కులో చీమిడి, మేత ముట్టలేదు. తొమ్మిదో రోజు పోయింది. నూనె ఊపిరితిత్తుల్లోకి పోయిందని డాక్టరు చెప్పాడు. నాలుక లాగి పట్టుకుంటే ఆవు మింగలేదు, తల మరీ ఎత్తితే గొంతులో పడింది గాలిగొట్టంలోకి జారుతుంది. ఈ రెండూ నాకు ఆరోజు తెలియదు.

అందుకే తల నేలకు సమంగా, కొంచెం మాత్రమే పైకి ఉండాలి. నాలుక వదిలెయ్యాలి. నోటి పక్క నుంచి కొద్దికొద్దిగా పోస్తూ, మింగింది చూసి మళ్లీ పొయ్యాలి. దగ్గితే ఆపెయ్యాలి. పడిపోయిన ఆవుకూ, మింగలేని ఆవుకూ, గొంతులో ఏదో అడ్డం పడి చొల్లు కారుస్తున్న ఆవుకూ అసలు పొయ్యకూడదు. చీనీ తోటలో మేసొచ్చిన ఆవైతే ముందు గొంతు తడిమి చూడండి.

నూనె పోశాక చెయ్యాల్సినవి రెండున్నాయి, ఖర్చు లేనివి. ఆవును ముందుకాళ్లు మిట్ట మీద, వెనకకాళ్లు పల్లంలో ఉండేట్టు నిలబెట్టడం. ఒక వేపకర్రను నోట్లో కళ్లెంలా అడ్డంగా కట్టడం. కర్రను నములుతుంటే లాలాజలం ఊరుతుంది, తేన్పుకు దారి దొరుకుతుంది. ఊపిరి బాగుంటే మెల్లగా నడిపించవచ్చు.

వంట సోడా గురించి కూడా అడుగుతారు. పులిసిన పొట్టకు అది పనికొస్తుంది. కానీ పుల్లటి పొట్టలో సోడా పడితే మళ్లీ గాలే పుడుతుంది. డోలులా ఉబ్బిన ఆవుకు నా అంతట నేను సోడా ఇవ్వను.

గొట్టం: నాకు నచ్చిన దారి, దొరికితే

ఇది మందు పోసే వెదురు గొట్టం కాదు. నోట్లో దవడలు మూసుకోకుండా సాధనం పెట్టి, గొంతు గుండా పెద్దపొట్ట దాకా దింపే పొడవాటి రబ్బరు గొట్టం. ఉత్త గాలి అయితే బుస్సుమని బయటికి కొడుతుంది, డొక్క కళ్లముందే దిగిపోతుంది. గాలి రాకుండా కొసన నురగ అంటుకుంటే అది నురగ ఉబ్బరమని తేలుతుంది, అదే గొట్టం గుండా నూనెనో మందునో నేరుగా పొట్టలోకి దింపవచ్చు. నేను చేసిన తప్పు జరిగే అవకాశం అప్పుడు బాగా తగ్గుతుంది. గొంతులో కాయ అడ్డం ఉంటే అది కూడా గొట్టం ఆగిన చోట తెలుస్తుంది.

ఇబ్బంది ఒక్కటే, తెలిసిన మనిషి కావాలి. గొట్టం పొరపాటున గాలిగొట్టంలోకి పోయి దాంట్లో మందు పోస్తే ఆవు అక్కడికక్కడే పోతుంది. మీ ఊరి రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడికి ఈ పని వచ్చో లేదో, గొట్టం దగ్గర ఉందో లేదో జబ్బు లేని రోజే కనుక్కోండి. సంచార పశువైద్య వాహనానికి ఫోన్ నంబరు 1962. మీ వైపు వాహనం ఏ వేళల్లో తిరుగుతుందో, రాత్రి ఎవరికి చెయ్యాలో కూడా అప్పుడే అడిగి గోడ మీద రాసుకోండి.

ట్రోకార్: ఆఖరి అరగంటలో

మొనదేలిన సూదిలాంటి పరికరం, దాని మీద గొట్టం తొడుగు. ఎడమ డొక్కలో చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ పొడిచి, మొన తీసేసి తొడుగును అక్కడే ఉంచుతారు. గాలి దాని గుండా పోతుంది. చూసేవాళ్లకు ఇదొక మాయలా ఉంటుంది, అందుకే పల్లెల్లో దీనికి ఉన్న పేరు మిగతా మూడింటికీ లేదు.

కానీ నురగ ఉబ్బరంలో సన్నటి తొడుగు నురగతో మూసుకుపోతుంది. అప్పుడు దాని గుండానే నూనె పోసి చూస్తారు, లేదా డాక్టరు కత్తితో పెద్ద గాటే పెట్టాల్సి వస్తుంది. గాలి దిగి బతికిన ఆవుకు తర్వాత కడుపు లోపలి పొరకు చీము పట్టే ప్రమాదం ఉంటుంది, ఆంటీబయోటిక్ కోర్సు కావాలి. గొట్టంతో దిగే గాలిని పొడిచి దింపడం అనవసరం. అలాగని ఆవు నోరు తెరిచి కింద పడబోతుంటే "చీము పడుతుందేమో" అని ఆగడం అంతకంటే తప్పు.

"డాక్టరు రాడు, కూరగాయల కత్తితో పొడిచెయ్యనా?" అని అడిగినవాళ్లున్నారు. ఫోన్‌లో డాక్టరు చెప్తూ ఉంటే తప్ప నేను అవునని ఎవరికీ చెప్పలేదు. కుడి పక్క పొడిచినవాళ్లను కూడా చూశాను.

ఆపరేషన్: ఖర్చు చూసి భయపడేది, ఒక్కోసారి ఇదే చవక

ఆవును నిలబెట్టే, ఎడమ డొక్క దగ్గర మత్తు ఇచ్చి, పెద్దపొట్ట తెరిచి లోపలున్నది చేత్తో బయటికి తీస్తారు. అనంతపురం, కర్నూలు మార్కెట్ల దగ్గర కవర్లు తిని పెరిగే ఆవుల పొట్టలో తాడులా పెనవేసుకున్న ప్లాస్టిక్ వస్తుంది. నెలకు రెండుసార్లు ఉబ్బి, చిక్కిపోతూ, నెమరు సరిగా వెయ్యని ఆవుకు మీరు ఆరు నెలల్లో మందులకూ పోయిన పాలకూ పెట్టేది లెక్క వేసుకుంటే ఆపరేషన్ ఖర్చు పెద్దగా అనిపించదు. చూడి ముదిరిన ఆవు, మరీ నీరసించిన ఆవు అయితే లెక్క మారుతుంది, డాక్టరుతో కూర్చుని మాట్లాడాలి.

ఎక్కడికి? కడప జిల్లా వాళ్లకు, జమ్మలమడుగు వైపు వాళ్లకు ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. అది తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడుస్తుంది. మిగతావాళ్లు జిల్లా కేంద్రంలోని పెద్ద పశువుల ఆసుపత్రిలో అడగండి. ఒక్క జాగ్రత్త: బాగా ఉబ్బిన ఆవును గాలి దించకుండా ట్రాలీ ఎక్కించవద్దు. కుదుపులకు దారిలోనే పడిపోతుంది. ముందు స్థానికంగా గాలి తీయించి, తర్వాత బయల్దేరండి.

మీరు ఏ రకం?

ఇంటి ముందు ఒకటి రెండు ఆవులున్నవాళ్లకు నా సలహా: నూనె ఇంట్లో ఉంటుంది కాబట్టి పోసే పద్ధతి నేర్చుకోండి, నంబర్లు గోడ మీద రాసుకోండి. అంతకు మించి పరికరాలు కొనొద్దు. చేతిలో ఉంటే వాడాలనిపిస్తుంది.

పది పదిహేను సంకరజాతి ఆవుల షెడ్డు ఉండి, బోరు కింద లూసర్న్ వేసినవాళ్ల సంగతి వేరు. మీకు నురగ ఉబ్బరం ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఉబ్బరం మందు సీసాలు రెండు ఉంచుకోండి, షెడ్డు చూసే మనిషికి డాక్టరు దగ్గర గొట్టం వెయ్యడం నేర్పించండి. అంతకంటే చవకైన పని ఇంకోటి ఉంది: పచ్చి లూసర్న్ కోసి కొంచెం వాడనిచ్చి, ముందు జొన్న చొప్పో వరిగడ్డో తినిపించి, ఆ తర్వాతే వెయ్యడం. పొద్దున్నే మంచు తడి ఉన్న మడిలోకి ఖాళీ కడుపుతో వదలకపోవడం. ఇన్సూరెన్స్ ఉంటే చెవి పోగు ఉందో లేదో చూసుకోండి, జరగరానిది జరిగితే మొదట అడిగేది అదే.

ఉబ్బరంలా కనిపించి వేరే అయ్యేవి

ధర పడిపోయిన రోజుల్లో కర్నూలు వైపు ఉల్లిగడ్డ, పత్తికొండ వైపు టమోటా ట్రాక్టర్లకు ట్రాక్టర్లు గొడ్లకు పడతాయి. టమోటాలు, పెళ్లిలో మిగిలిన అన్నం, మూట విప్పిన ధాన్యం పొట్టను పులిపిస్తాయి. ఆవు తూలుతుంది, పుల్లటి వాసనతో పలచగా పారుతుంది, కళ్లు లోపలికి పోతాయి. దీనికి నూనెతో ఒరిగేదేం లేదు, సెలైన్ కావాలి. డాక్టరు వచ్చేదాకా ధాన్యం దూరం పెట్టి, ఎండుగడ్డి వేసి, నీళ్లు ఒక్కసారిగా కుండలకొద్దీ తాగనివ్వకండి. ఉల్లిగడ్డ ఎక్కువైతే రక్తం విరిగి ఎర్రటి మూత్రం వస్తుంది, అది వేరే జబ్బు.

ఎండలకు వాడి, వాన పడ్డాక మళ్లీ వచ్చిన లేత జొన్న పిలకలు ఇంకా ప్రమాదం. వాటిలో సైనైడ్ విషం ఉంటుంది. మేసిన కాసేపటికే ఆయాసం, వణుకు, తూలి పడిపోవడం. పొట్ట ఉబ్బిందా అని చూస్తూ నూనె వెతకొద్దు. "జొన్న పిలకలు మేసింది" అని ఫోన్‌లో మొదటి మాటగా చెప్పండి, డాక్టరు సోడియం థయోసల్ఫేట్ ఇంజెక్షన్ పట్టుకుని బయల్దేరతాడు.

జీవాలవాళ్లకు ఈ పోలికంతా సగమే పనికొస్తుంది. రెండు వందల గొర్రెల మందలో ఒక్కొక్కదానికి గొట్టం వెయ్యడం కుదరదు. చెనిక్కాయ పీకేసిన చేలోకి, కొర్ర కోసిన చేలోకి ఆకలి మీద మందను తోలకుండా, ముందు బీట్లో కొంత మేపుకుని తర్వాత తోలడమే మీ వైద్యం. పొద్దున కొట్టంలో బాగా బలిసిన పిల్ల ఒకటి పొట్ట ఉబ్బి చచ్చి పడి ఉంటే ఉబ్బరమని తేల్చెయ్యకండి. చచ్చిన జీవం పొట్ట ఎలాగూ గంటల్లో ఉబ్బుతుంది. అది చిటుకు రోగం కావచ్చు, అంటే బలిసిన పిల్లల్ని ఉన్నట్టుండి చంపే జబ్బు. దానికి వానలకు ముందే వేసే టీకా ఉంది. పూడ్చకముందే ఆ పిల్లను దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి తీసుకుపోయి కోయించి చూపించండి. చిటుకు అని తేలితే మిగిలిన మందకు ఆ వారమే టీకా వేయించుకోవచ్చు.